అంటార్కిటికాలో నాలుగైదు దేశాలు ఒకే కొండల్లో ఉంటే ప్రకృతిని కాపాడే ప్లాన్ ఎవరిది?

మీరు అడిగింది ఇది: అంటార్కిటికా ఎవరి సొత్తూ కాదంటారు కదా, మరి ఒకేచోట మూడు నాలుగు దేశాలు స్టేషన్లు పెట్టుకుంటే అక్కడి పర్యావరణం బాధ్యత ఎవరిది, ప్లాన్ నిజంగా అమలవుతుందా లేక కాగితాల మీదేనా అని.

అమలవుతుంది. కానీ అన్నిచోట్లా ఒకేలా కాదు. ఎవరూ కాలు మోపని నేల మీద బ్రహ్మాండంగా అమలవుతుంది. అందరికీ కావాల్సిన నేల దగ్గరికి వచ్చేసరికి బిగువు తగ్గుతుంది. నేను మన భారతి స్టేషన్‌లో జనరేటర్ల మెకానిక్‌గా ఒక వింటర్ చేశాను, అందుకే అక్కడి సంగతే చెబుతాను. శాస్త్రవేత్తను కాదు. ప్లాన్ రాసేవాళ్ల వైపు నుంచి కాకుండా, దాన్ని రోజూ మోసేవాళ్ల వైపు నుంచి చూసినవాణ్ణి.

భారతి ఉన్నది లార్స్‌మన్ హిల్స్‌లో. తూర్పు అంటార్కిటికాలో ప్రిడ్జ్ బే ఒడ్డున సుమారు 40 చదరపు కిలోమీటర్ల రాతినేల అది. ఖండం మొత్తమ్మీద మంచు కప్పని నేల ఒక శాతం కూడా ఉండదు. స్టేషన్ కట్టాలన్నా, పక్షి గూడు పెట్టాలన్నా, నాచు పట్టాలన్నా ఆ కాస్త నేలే గతి. పేచీ అంతా అక్కడే. తూర్పున బ్రోక్‌నెస్ ద్వీపకల్పం మీద రష్యా వాళ్ల ప్రోగ్రెస్, చైనా వాళ్ల జోంగ్‌షాన్, ఆస్ట్రేలియా 1980ల్లో పెట్టి తర్వాత రొమేనియాతో కలిసి వాడుతున్న చిన్న బేస్ ఉన్నాయి. పడమరన స్టోర్‌నెస్ ద్వీపకల్పం. ఈ రెంటి మధ్య సముద్రంలోకి చొచ్చుకొచ్చిన చిన్న నేల మీద 2012 నుంచి మన భారతి. ఆస్ట్రేలియా ఈ ప్రాంతమంతా తనదే అంటుంది, చాలా దేశాలు ఒప్పుకోవు. 1959 నాటి అంటార్కిటిక్ ఒప్పందం ఆ గొడవను అలాగే పక్కన పెట్టేసింది. కాబట్టి అక్కడ తహసీల్దారు లేడు, ఫారెస్టు గార్డు లేడు.

ఉన్నదల్లా పర్యావరణ రక్షణ కోసం ఆ ఒప్పందానికి చేర్చిన, 1991లో సంతకమైన మాడ్రిడ్ ప్రోటోకాల్. దాని ఐదో అనుబంధంలో రెండు రకాల ప్రాంతాలున్నాయి. ప్రత్యేక రక్షిత ప్రాంతంలోకి పర్మిట్ లేకుండా అడుగు పెట్టకూడదు. ప్రత్యేక నిర్వహణ ప్రాంతంలోకి వెళ్లొచ్చు, కానీ ఎవరు ఎక్కడ ఏం చేయాలో కలిసి రాసుకున్న ప్లాన్ ప్రకారం నడుచుకోవాలి. అపార్ట్‌మెంట్‌లో కామన్ ఏరియా రూల్స్ లాంటివి అనుకోండి, కాకపోతే అసోసియేషన్‌లో ఒక్కరు వద్దన్నా తీర్మానం పాసవదు. లార్స్‌మన్ హిల్స్ రెండో రకం. 2007లో ఒప్పంద దేశాల సమావేశం న్యూఢిల్లీలో జరిగింది, అందులోనే ఈ హోదా ఇచ్చారు. అంటే భారతి కట్టకముందే ప్లాన్ వచ్చింది. మన కట్టడానికి సమగ్ర పర్యావరణ మదింపు తయారుచేసి, మిగతా దేశాల ముందు పెట్టాల్సి వచ్చింది. పక్కనే ఇన్ని స్టేషన్లుండగా కొత్త నేల తవ్వడమెందుకు, పంచుకోవచ్చు కదా అని మీరడిగితే అది న్యాయమైన ప్రశ్నే. నా దగ్గర దానికి మంచి జవాబు లేదు.

ప్లాన్ అసలు రూపం మ్యాపుల్లో కనిపిస్తుంది. కట్టడాలు ఎక్కడివరకు, బళ్లు ఏ దారిన, హెలికాప్టర్ ఎటునుంచి. చైనా వాళ్ల మాగ్నెటిక్ సెన్సర్లున్న చోటు చుట్టూ ప్రత్యేకంగా ఒక జోన్ ఉంటుంది, అక్కడ ఇనుము గినుము పట్టుకుని తిరిగితే వాళ్ల రీడింగులు పాడవుతాయి. పక్షుల కాలనీల మీద 610 మీటర్ల కన్నా కిందికి ఎగరొద్దని 2004 నాటి మార్గదర్శకం చెబుతుంది. మబ్బు కిందికి దిగిన రోజు పైలట్ చుట్టూ తిరిగి వెళ్లాలి, లేదా ట్రిప్పే మానుకోవాలి.

మా పనిలో ప్లాన్ అంటే ఇంధనం. గొట్టం ఊడదీసే ప్రతిసారీ కింద ట్రే పెట్టాలి, పక్కన నూనె పీల్చే గుడ్డలు సిద్ధంగా ఉండాలి. బయట చలికి చేతులు కొంకర్లు పోతుంటే, రెండు గ్లవ్స్ తొడుక్కుని, కప్లింగ్ నుంచి ఆఖరి చుక్క పడేదాకా ట్రే పట్టుకుని నిలబడటం ఎంత విసుగో చెప్పలేను. మొదట్లో ‘ఒక్క చుక్కకి ఇంత సీనా’ అనిపించేది. ఎండాకాలం వచ్చాక అర్థమైంది. రాళ్ల మధ్య మంచు కరిగి సన్నటి పాయలుగా పారుతుంది, ఆ పాయలన్నీ సరస్సుల్లోకే చేరతాయి. ఈ కొండల్లో సరస్సులు నూట యాభైకి పైనే. చాలావాటి అడుగున సూక్ష్మజీవుల పొర చాపలా పరుచుకుని ఉంటుంది, ఏళ్లూ పూళ్లూ పట్టి పెరిగినది. పైన పడిన చుక్క ఎక్కడికి పోతుందో ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. బ్రోక్‌నెస్‌లో స్టేషన్ల దగ్గరి సరస్సుల మీద మనుషుల ప్రభావం గురించి 1990ల్లోనే శాస్త్రవేత్తలు రాశారు. భారతిలో తాగునీరు సరస్సు నుంచి కాదు, సముద్రపు నీటిని ఆర్వోలో శుద్ధి చేసుకుంటాం. పర్యావరణానికి మంచిదే. చలికాలంలో ఆ నీటి లైన్ ఎక్కడ గడ్డకడుతుందోనన్న టెన్షన్ మాత్రం మా మెయింటెనెన్స్ వాళ్ల నెత్తినే.

ఇంకో సంగతి స్కువాలు. మన గద్దంత పక్షి, భయమనేది ఎరగదు. వంటగది చెత్త బయటికి తెచ్చేటప్పుడు తలుపు దగ్గరే కాచుకుని ఉంటుంది. ఒక ముక్క వేస్తే ఏం పోతుందని కొత్తగా వచ్చినవాళ్లు అనుకుంటారు. కానీ తిండి అలవాటైతే స్కువాలు స్టేషన్ చుట్టూ మకాం వేస్తాయి. వాటికి ఇష్టమైన వేట స్నో పెట్రెల్ అనే తెల్లటి చిన్న పక్షి. అది బండల సందుల్లో గూడు పెడుతుంది. మనం బండ మీద నిలబడి ఉంటే కాళ్ల కింద నుంచి కరకరమని అరుపు వినిపిస్తుంది తప్ప పక్షి కనపడదు. ఒక స్టేషన్ చెత్త డబ్బా మూత సరిగ్గా వేయకపోతే ఆ పాపం పక్క స్టేషన్ దగ్గరి గూళ్లకి చుట్టుకుంటుంది. స్కువాకి సరిహద్దులు ఏం తెలుసు?

ఇక స్టోర్‌నెస్ కథ వేరు. అక్కడ ఎవరూ స్టేషన్ కట్టలేదు. బోరాన్, ఫాస్ఫేట్ ఉన్న అరుదైన ఖనిజాలు ఆ రాళ్లలో ఉన్నాయి. ఒకదానికి స్టోర్‌నెసైట్ అనే పేరే పెట్టారు. మొదటి ప్లాన్‌లోనే స్టోర్‌నెస్‌ను ఆంక్షల జోన్ చేసి, 2014లో ప్రత్యేక రక్షిత ప్రాంతంగా మార్చారు. భారత్, చైనా, రష్యా, ఆస్ట్రేలియా కలిసి ప్రతిపాదించిందే ఇది. గొప్పగానే ఉంది, కానీ ఎవరి కాంక్రీటూ అడ్డం రాలేదని కూడా గుర్తుంచుకోవాలి. (అన్నట్టు, 2048లో అంటార్కిటికాలో గనులు తెరుస్తారని వాట్సాప్‌లో తిరుగుతుంటుంది, నమ్మకండి. గనుల నిషేధానికి గడువు తేదీ లేదు. 2048 తర్వాత ఏ సలహాదారు దేశమైనా, అంటే ఒప్పందంలో నిర్ణయాధికారం ఉన్న ఏ దేశమైనా, సమీక్ష సమావేశం అడగొచ్చు, అంతే.)

బ్రోక్‌నెస్‌లో అలా కుదరదు. ప్రోగ్రెస్ నుంచి ఖండం లోపలున్న రష్యా స్టేషన్ వోస్తోక్‌కి, జోంగ్‌షాన్ నుంచి డోమ్ ఏ అనే మంచు శిఖరం వైపు ట్రాక్టర్ల కాన్వాయ్‌లు బయల్దేరతాయి. అవి ఆగవు, ఆగమని అడిగేవాళ్లూ లేరు. కొత్త కట్టడం వస్తే కట్టే దేశమే దాని ప్రభావాన్ని మదింపు చేసుకుంటుంది. తన కట్టడం ఒక్కటే చూసుకుంటే ప్రతిసారీ ప్రభావం ‘స్వల్పం’గానే కనిపిస్తుంది. అన్నీ కలిపితే ఎంత అన్న లెక్క దగ్గర మాత్రం ఎవరికి వారే యమునా తీరే. ప్లాన్‌లో నాకు కనిపించిన అసలైన లోపం ఇదే. ఈ కొండలకి దగ్గర్లోని అమాండా బేలో ఎంపరర్ పెంగ్విన్ల కాలనీ ఉంది, 2008 నుంచి రక్షిత ప్రాంతం. చలికాలంలో మగ పెంగ్విన్ గుడ్డును కాళ్ల మీద పెట్టుకుని నిలబడుతుంది, బెదిరితే గుడ్డు జారుతుంది. ప్రతి స్టేషన్ ‘మాది ఒక్క ట్రిప్పే కదా’ అనుకుంటే పెంగ్విన్లకి అది ఒక్క ట్రిప్పు కాదు. అక్కడ పర్మిట్ తప్పనిసరి చేయడం వల్లే కాస్త అదుపు వచ్చింది.

తప్పు చేస్తే ఎవరు పట్టుకుంటారు? ఒప్పందం ప్రకారం ఏ సలహాదారు దేశమైనా ఏ స్టేషన్‌నైనా తనిఖీ చేయొచ్చు, గేటు వేయడానికి లేదు. శిక్ష వేయాల్సింది మాత్రం ఎవరి దేశం వాళ్లది. మనకి 2022లో అంటార్కిటిక్ చట్టం వచ్చింది. పర్మిట్లు, జరిమానాలు, జైలు అన్నీ అందులో ఉన్నాయి. కానీ బ్లిజార్డ్ మధ్యలో చట్టం ఎవరికి గుర్తుంటుంది? నేను చూసినంతవరకు మనుషుల్ని దారిలో పెట్టేది పక్క స్టేషన్‌తో ఉన్న అవసరం. వాళ్ల డాక్టరు మనకి కావాల్సి రావచ్చు, మన స్పేర్ పార్ట్ వాళ్లకి కావాల్సి రావచ్చు. జూన్ 21న మిడ్‌వింటర్ శుభాకాంక్షలు అన్ని స్టేషన్ల మధ్యా తిరుగుతాయి. అలాంటి పక్కింటివాళ్ల ముందు చెత్త వదిలేసి దొరికిపోవడం కన్నా పెద్ద జరిమానా ఉండదు.

మీరు ఈ విషయం మీద ప్రాజెక్టు లాంటిదేమైనా చేస్తుంటే, బ్యూనస్ ఎయిర్స్‌లోని ఒప్పంద సచివాలయం ఈ ప్లాన్లన్నీ బహిరంగంగానే పెడుతుంది. వాటిని కనీసం ఐదేళ్లకోసారి సమీక్షించాలి. లార్స్‌మన్ హిల్స్ పాత ప్లాన్ మ్యాపు, కొత్త ప్లాన్ మ్యాపు పక్కపక్కన పెట్టి, కట్టడాల హద్దు ఎటువైపు జరిగిందో చూడండి. మిగతా పేజీల్లో రాయనిది చాలావరకు ఆ గీతలోనే దొరుకుతుంది.