పాటల పెట్టె: ‘యెస్’ని ట్రెవర్ హార్న్ పాడుచేశాడా?

ప్రశ్న: మాస్టారూ, మా నాన్నగారికి ఇంగ్లండు రాక్ బ్యాండ్ ‘యెస్’ అంటే ప్రాణం. కానీ 1983లో వచ్చిన ‘90125’ ఆల్బమ్ పెడితే మాత్రం లేచి వెళ్ళిపోతారు. ప్రొడ్యూసర్ ట్రెవర్ హార్న్ బంగారంలాంటి బ్యాండ్‌ని డాన్సు పాటల పాలు చేశాడంటారు. నాకేమో ముందు నచ్చిందే ఆ ఆల్బమ్. ఎవరిది రైటు?
– ఒక పాఠకుడు, రాయగడ

జవాబు: నాన్నగారి బాధ నాకు అర్థమవుతుంది బాబూ. 1972లో వచ్చిన ‘క్లోజ్ టు ది ఎడ్జ్’ రికార్డులో ఒక వైపంతా ఒకే పాట. మరుసటి ఏడు రెండు రికార్డులు కలిపి ఇచ్చారు. నాలుగు వైపులకీ నాలుగే పాటలు! గాయకుడు జాన్ ఆండర్సన్‌కి ఆ ఆలోచన వచ్చింది పరమహంస యోగానంద ఆత్మకథలోని ఒక ఫుట్‌నోట్ చదివాక. ఆ యోగానంద గురువుగారు యుక్తేశ్వర్ గిరి ఆశ్రమం మన పూరీలోనే ఉంది. ఒడిశాలో ఉంటూ ఈ మాట చెప్పకుండా ఎలా ఊరుకుంటాను? అంతంత పాటలకి అలవాటుపడ్డ మనిషికి ‘ఓనర్ ఆఫ్ ఎ లోన్లీ హార్ట్’ నాలుగున్నర నిమిషాల్లో అయిపోతే మింగుడుపడదు మరి.

అయినా నింద హార్న్ మీద వేస్తే నేను ఒప్పుకోను. అసలు ఆ ఆల్బమ్ యెస్ పేరుతో మొదలవలేదు. 1981కల్లా బ్యాండ్ చెదిరిపోయింది. గిటారిస్టు స్టీవ్ హౌ ‘ఏషియా’లో చేరాడు. మిగిలిన బేస్ వాద్యకారుడు క్రిస్ స్క్వయర్, డ్రమ్మర్ ఆలన్ వైట్, దక్షిణాఫ్రికా నుంచి వచ్చిన గిటారిస్టు ట్రెవర్ రాబిన్‌తో కలిసి ‘సినిమా’ అని కొత్త బ్యాండ్ పెట్టారు. రికార్డింగు చాలావరకు అయ్యాక స్క్వయర్ ఆ టేపులు ఆండర్సన్‌కి వినిపించాడు. ఆయన వచ్చి పాడాడు, కొన్ని చోట్ల సాహిత్యం మార్చాడు. ఆ గొంతు చేరాకే దానికి మళ్ళీ యెస్ అన్న పేరొచ్చింది. ఆల్బమ్ పేరేమో ఉత్త రికార్డు కంపెనీ కేటలాగు నంబరు.

ఇక హార్న్ బయటివాడేం కాదు. 1980లో ఆండర్సన్ వెళ్ళిపోతే ‘డ్రామా’ ఆల్బమ్‌లో పాడింది ఈయనే. ఆ పాత పాటలన్నీ పై స్థాయిలో స్టేజి మీద రాత్రికి రాత్రి పాడటం ఎంత కష్టమో గొంతుతో బతికేవాళ్ళకి తెలుసు. తర్వాత ఆయన గాయకుడి స్థానం వదిలి స్టూడియో పట్టుకున్నాడు. 1982లో ‘ఏబీసీ’ బ్యాండ్‌కి చేసిన ‘ది లెక్సికన్ ఆఫ్ లవ్’తో న్యూ వేవ్ అనే ఆనాటి కొత్త పాప్ సంగీతపు శ్రోతల నాడి దొరికింది. అలాంటివాడు పాత మిత్రుల దగ్గరికి తిరిగొచ్చి, రాబిన్ డెమో టేపులో ఉన్న ‘ఓనర్’ని పట్టుకుని వదల్లేదు. పాట రాసినవాళ్ళ పేర్లలో హార్న్ పేరు కూడా ఉంది. 1984 జనవరిలో అది అమెరికాలో మొదటి స్థానానికి చేరింది. యెస్ చరిత్రలో అలాంటి పాట అదొక్కటే.

ఈసారి నాన్నగారిని పక్కన కూర్చోబెట్టుకుని మొదటి నిమిషం వినండి. డ్రమ్స్ పేలుతాయి, గిటారు గోడ కట్టినట్టు లేస్తుంది, అంతలో అన్నీ తప్పుకుంటాయి. బేసు, డ్రమ్ములు, పొడిపొడిగా ఒక గిటారు మిగులుతాయి. ఆండర్సన్ గొంతు ఆ ఖాళీలో వచ్చి నిలబడుతుంది. గిటారు సోలో దగ్గర ఇంకా జాగ్రత్తగా వినాలి. ప్రతి స్వరానికీ పంచమం జతగా మోగుతూ ఉంటుంది, సా అంటే పా. చెయ్యి తిరిగిన వాద్యకారులు అంతమంది ఉండగా ఎవరు ఎక్కడ ఆగాలో చెప్పడమే ప్రొడ్యూసర్ పని. పర్లాకిమిడిలో, బరంపురంలో మెలోడీ పార్టీలకి, అంటే స్టేజి మీద పాటలు పాడే ఆర్కెస్ట్రా బృందాలకి, ఇన్నేళ్ళు కీబోర్డు వాయించి నేను నేర్చుకున్నది కూడా అదే. అందరూ ఒకేసారి వాయిస్తే గాయకుడు మునిగిపోతాడు.

ప్రశ్న: మాస్టారూ, ‘ఓనర్’లో మధ్యమధ్యలో ఆర్కెస్ట్రా అంతా ఒక్క దెబ్బ కొట్టినట్టు వినిపిస్తుంది. మా కీబోర్డులో కూడా అలాంటి టోన్ ఉంది. అదీ ఇదీ ఒకటేనా?
– కీబోర్డు కుర్రాడు, బరంపురం

జవాబు: కుటుంబం ఒకటే. మీ కీబోర్డు టోన్లలో 56వ నంబరు ‘ఆర్కెస్ట్రా హిట్’. 1991లో వచ్చిన జనరల్ మిడి పట్టికలో, అంటే కీబోర్డులన్నిటికీ ఒకే టోన్ నంబర్లు ఉండేలా చేసిన పట్టికలో, దానికి ఆ స్థానం ఇచ్చారు. దాని పెద్దన్న ఆస్ట్రేలియాలో తయారైన ఫెయిర్‌లైట్ అనే యంత్రం. 1979లో వచ్చింది. ఏ చప్పుడునైనా రికార్డు చేసుకుని మెట్ల మీద వాయించనిచ్చేది. హార్న్ దగ్గర ఒకటి ఉండేది. ఒక్కో వాయిస్‌కి, అంటే ఒకేసారి మోగే ఒక్కో స్వరానికి, 16 కిలోబైట్ల మెమరీ, అంతే. అందులో పొడుగు చప్పుడు పట్టదు, అందుకే అన్నీ పొట్టి దెబ్బలు. పై మెట్లకి వెళ్ళేకొద్దీ అది ఇంకా పొట్టిదైపోతుంది. ఈ గుణాన్నే హార్న్ తాళానికి వాడుకున్నాడు. నువ్వు మాత్రం మీ ఊరి అమ్మవారి జాతర ఠాకురాణి యాత్ర స్టేజి మీద ప్రతి చరణానికీ ఆ 56 నొక్కకు నాయనా. పాటకి ఒకట్రెండు చోట్ల చాలు.

ప్రశ్న: ఈ ‘90125’ ఆల్బమ్ ఎప్పుడూ వినలేదండీ. ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక పాఠకురాలు, గుణుపురం

జవాబు: ‘లీవ్ ఇట్’తో మొదలుపెట్టండమ్మా, అదీ ఇయర్‌ఫోన్స్‌లో. మొదట్లో వాద్యాలేవీ ఉండవు, గొంతులు అల్లుకుంటూ వస్తాయి. తర్వాత అదే ఆల్బమ్‌లో ‘సినిమా’ అన్న ట్రాక్ వినండి. రెండు నిమిషాల పైచిలుకు వాద్య సంగీతం, గ్రామీ అవార్డు వచ్చింది. ఆ రెండూ నచ్చితే వెనక్కి 1980కి వెళ్ళి ‘డ్రామా’ వినండి, అక్కడ హార్న్ సొంత గొంతు దొరుకుతుంది.