టెక్ సందేహాలు: మొరాయించని చిప్ ప్రోగ్రామర్‌ను ఇంట్లోనే చేసుకోవచ్చా?

ప్రశ్న: ఆర్డ్యునో ఊనో నేర్చుకున్నాక ఇప్పుడు విడి ఏటీమెగా మైక్రోకంట్రోలర్ చిప్‌లతో ప్రాజెక్టులు చేస్తున్నాను. చిప్‌లోకి కోడ్ ఎక్కించడానికి (డంప్ చేయడానికి) కొన్న చౌక యూఎస్‌బీఏఎస్‌పీ ప్రోగ్రామర్ కొన్ని చిప్‌లకు బాగానే పనిచేస్తుంది, కొత్త చిప్ పెడితే మాత్రం ‘టార్గెట్ స్పందించడం లేదు’ అంటుంది. తక్కువ ఖర్చులో నమ్మకమైనది సొంతంగా చేసుకోవాలంటే ఎలా? – డిప్లొమా విద్యార్థి, అనంతపురం

జవాబు: ముందు ఉన్నదాన్ని పారేయకండి. మీరు చెప్పిన లక్షణాన్ని బట్టి చూస్తే తప్పు ప్రోగ్రామర్‌ది కాకపోవచ్చు, వేగానిది కావచ్చు. కొత్త ఏటీమెగా8 గానీ 328పి గానీ ఫ్యాక్టరీ నుంచి 1 మెగాహెర్ట్జ్ క్లాక్‌తో వస్తుంది. ప్రోగ్రామర్ పంపే ఎస్‌సీకే క్లాక్ (డేటా పంపే వేగం) అందులో నాలుగో వంతుకన్నా తక్కువ ఉండాలి, అంటే 250 కిలోహెర్ట్జ్ లోపు. యూఎస్‌బీఏఎస్‌పీ మామూలుగా 375తో మొదలుపెడుతుంది. ఇక కొత్త చిప్‌కు అర్థమయ్యేదేముంది? కంప్యూటర్ నుంచి కోడ్ పంపే ఏవీఆర్‌డ్యూడ్ సాఫ్ట్‌వేర్ కమాండ్‌లో ‘-B 10’ (పెద్ద అక్షరం బి) చేర్చి చూడండి, వేగం 100 కిలోహెర్ట్జ్ లోపుకు దిగుతుంది. కొన్ని నకిలీ బోర్డుల్లో పాత ఫర్మ్‌వేర్ (బోర్డు చిప్‌లోని ప్రోగ్రాం) ఉండి ఈ మాట వినవు. వాటికి బోర్డు మీద స్లో ఎస్‌సీకే జంపర్ పెట్టాల్సిందే.

అయినా సొంతంగా చేస్తానంటే మంచిదే. డబ్బు మిగులుతుందని మాత్రం చేయకండి, రెడీమేడ్‌వి రెండు మూడు వందలకే దొరుకుతున్నాయి. మొదటి నుంచి గీయడం కన్నా థామస్ ఫిష్‌ల్ అందరికీ ఉచితంగా ఇచ్చిన యూఎస్‌బీఏఎస్‌పీ సర్క్యూట్‌నే పునాదిగా తీసుకోండి. ఏటీమెగా8, 12 మెగాహెర్ట్జ్ క్రిస్టల్, కొన్ని రెసిస్టర్లు, కెపాసిటర్లు, వోల్టేజీని హద్దులో ఉంచే రెండు జెనర్ డయోడ్లు, అంతే. యూఎస్‌బీ కోసం ప్రత్యేక చిప్ ఉండదు, ఆ పనంతా సాఫ్ట్‌వేరే చేస్తుంది.

చాలామంది బోల్తా పడేది ఆ జెనర్ల దగ్గరే. యూఎస్‌బీ డేటా తీగల మీద 3.6 వోల్టుల జెనర్లు, అదీ అర వాట్ లోపు చిన్నవే వేయాలి. షాపులో ‘అవి లేవు, ఒక వాట్‌వి ఇంకా గట్టివి’ అని అంటగడితే తీసుకోకండి. పెద్ద జెనర్‌కు కెపాసిటెన్స్ ఎక్కువ కాబట్టి సిగ్నల్ అంచులు మొద్దుబారిపోతాయి. అప్పుడు కంప్యూటర్ ఒకసారి గుర్తిస్తుంది, ఒకసారి గుర్తించదు. ఆ తర్వాత మీరు రోజంతా డ్రైవర్లు మార్చుకుంటూ కూర్చుంటారు.

రెండో జాగ్రత్త వోల్టేజీ. చాలా చౌక బోర్డుల్లో 3.3 వోల్టుల జంపర్ సప్లైని మాత్రమే మారుస్తుంది, డేటా పిన్నులు మాత్రం 5 వోల్టులే పంపుతుంటాయి. మీ డిజైన్‌లో 74ఏహెచ్‌సీ125 బఫర్ ఐసీ ఒకటి చేర్చి, దానికి టార్గెట్ బోర్డు (కోడ్ ఎక్కించే చిప్ ఉన్న బోర్డు) సప్లైనే ఇవ్వండి. ఇన్‌పుట్‌లో 5 వోల్టులు వచ్చినా తట్టుకుని, అవుట్‌పుట్‌ను టార్గెట్ స్థాయికి తగ్గించి పంపుతుంది. దాని ఎనేబుల్ పిన్నులను ప్రోగ్రామర్ రీసెట్ లైన్‌కు కలిపి 10 కిలోఓమ్ పుల్-అప్ పెడితే, డంపింగ్ అయిపోగానే బఫర్ దానంతటదే పక్కకు తప్పుకుంటుంది. ప్రోగ్రామర్ తగిలించి ఉంచినా మీ ప్రాజెక్టు మామూలుగా నడుస్తుంది.

సప్లై దారిలో తనంతట తాను కోలుకునే పాలీఫ్యూజ్ ఒకటి, దాన్ని పూర్తిగా తెంచేసే జంపర్ ఒకటి పెట్టడం మర్చిపోవద్దు. మీ బోర్డు మీద ఎన్‌ఆర్‌ఎఫ్24ఎల్01 రేడియో ఉందనుకోండి, ప్రోగ్రామర్ నుంచి వెళ్లే సప్లై 3.6 వోల్టులు దాటితే అది పోయినట్టే.

‘ప్రోగ్రామర్‌లోని చిప్‌లోకి మొదట కోడ్ ఎవరు ఎక్కిస్తారు?’ అనే టెన్షన్ మీకు లేదు, ఊనో ఉందిగా. అందులో ఆర్డ్యునోఐఎస్‌పీ స్కెచ్ (ఊనోనే ప్రోగ్రామర్‌గా మార్చే ప్రోగ్రాం) వేయండి. ఆ తర్వాత ఊనో రీసెట్‌కూ గ్రౌండ్‌కూ మధ్య 10 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెట్టండి, నెగెటివ్ కాలు గ్రౌండ్ వైపు. స్కెచ్ వేసేటప్పుడు మాత్రం అది ఉండకూడదు.

ప్రశ్న: ఇదే ప్రోగ్రామర్‌తో మా ల్యాబ్‌లోని 8051 చిప్‌లకు డంప్ చేయవచ్చా? – బీటెక్ విద్యార్థిని, వరంగల్

జవాబు: చిప్ మీద పేరు చూడండి. 89సీ51 అయితే కుదరదు, దానికి వేరే పారలల్ ప్రోగ్రామర్ కావాలి. 89ఎస్52 అయితే కుదురుతుంది గానీ రెండు తిరకాసులు ఉన్నాయి. ఏవీఆర్‌కు (ఏటీమెగా చిప్‌ల కుటుంబం) రీసెట్ వోల్టేజీని కిందికి లాగాలి, దీనికి పైకి. ఒక బీసీ547 ట్రాన్సిస్టర్‌తో రీసెట్‌ను తిప్పేసినా సరిపోదు. ‘ఉన్నావా?’ అని అడిగితే ఏవీఆర్ మూడో బైట్‌లో 53 అని జవాబిస్తుంది, ఇది నాలుగో బైట్‌లో 69 అంటుంది. మామూలు ఫర్మ్‌వేర్ ఆ జవాబును పట్టించుకోదు. 89ఎస్ సిరీస్ కోసం మార్చిన ఫర్మ్‌వేర్ వేసుకోండి. చిప్‌కు క్రిస్టల్ కూడా తగిలించి ఉండాలి, ఎస్‌సీకే వేగం ఆ క్రిస్టల్‌లో పదహారో వంతుకన్నా తక్కువ ఉండాలి.

ప్రశ్న: ఫ్యూజ్ బిట్లు (చిప్ క్లాక్, రీసెట్ లాంటి అమరికలు) మార్చాక ఏటీమెగా8 చనిపోయింది. పారేయాలా? – కాకినాడ నుంచి ఒక పాఠకుడు

జవాబు: బహుశా చనిపోలేదు. ఎక్స్‌టర్నల్ క్రిస్టల్ ఎంచుకుని ఉంటే 9, 10 కాళ్లకు 8 మెగాహెర్ట్జ్ క్రిస్టల్, గ్రౌండ్‌కు చెరో 22 పికోఫారడ్ కెపాసిటర్ కలిపి మళ్లీ ప్రయత్నించండి. ఎక్స్‌టర్నల్ క్లాక్ ఎంచుకుని ఉంటే ఊనో నుంచి చతురస్ర తరంగాన్ని 9వ కాలికి ఇస్తే చాలు. రీసెట్ పిన్‌నే ఆపేసే ఫ్యూజ్ మార్చి ఉంటే మాత్రం 12 వోల్టుల హై వోల్టేజ్ ప్రోగ్రామర్ ఉన్నవాళ్లను వెతకాలి. ఒక్క చిప్ కోసమైతే కొత్తది కొనడమే నయం.