ఎంబీఏ ఆలోచన ఉంటే డిగ్రీలో ఏం చదవాలి?

ప్రశ్న: పన్నెండో తరగతి చదువుతున్నాను. ఎప్పటికైనా ఎంబీఏ చేయాలన్నది నా కోరిక. అందుకు ఇప్పుడే బీబీఏలో చేరాలని ఇంట్లో అంటున్నారు. నాకేమో సైకాలజీ మీద ఆసక్తి. లెక్కలంటే భయం లేదు గానీ, ప్రత్యేకంగా ఇష్టమూ లేదు. సైకాలజీ చదివితే ఎంబీఏలో సీటు రావడం కష్టమవుతుందా?
- ఒక పాఠకురాలు

జవాబు: సైకాలజీ చదివినంత మాత్రాన మీకు ఏ తలుపూ మూసుకుపోదు. పేరున్న బిజినెస్ స్కూళ్లు ఏదో ఒక సబ్జెక్టులో డిగ్రీ పూర్తయి ఉండాలని అడుగుతాయే తప్ప, అది ఫలానా సబ్జెక్టే కావాలని సాధారణంగా పట్టుబట్టవు. 1908లో హార్వర్డ్ ఎంబీఏను మొదలుపెట్టినప్పుడే దాన్ని డిగ్రీ ముగించినవారి కోసం ఉద్దేశించింది. ఈనాటికీ ఎంబీఏ మొదటి సంవత్సరంలో అకౌంటింగ్, ఫైనాన్స్, మార్కెటింగ్, ఆపరేషన్స్ వంటి పాఠాలను మొదటి నుంచీ చెబుతారు కాబట్టి, బీబీఏ చేసి వచ్చినవారు అందులో చాలా భాగాన్ని రెండోసారి వినవలసి వస్తుంది.

మీ ఇంట్లోవారు అంతగా ఆలోచించి ఉండని విషయం ఒకటుంది. డిగ్రీ కాగానే నేరుగా ఎంబీఏలో చేరేవారు లేకపోలేదు గానీ, పెద్ద స్కూళ్లలో ఎక్కువమంది కొన్నేళ్లు ఉద్యోగం చేశాకే చేరతారు. చివరి సంవత్సరంలోనే దరఖాస్తు తీసుకునే హార్వర్డ్ ‘2+2’ పథకంలో సీటు వచ్చినా, కనీసం రెండేళ్లు పనిచేసి రమ్మంటారు. అంటే మీ డిగ్రీ ముందుగా మీకొక మంచి ఉద్యోగం సంపాదించి పెట్టాలి. ఆ ఉద్యోగంలో మీరు ఏం చేశారన్నదే తర్వాత మీ ఎంబీఏ దరఖాస్తుకు ప్రాణం. కాబట్టి సబ్జెక్టును ఎంచుకునేటప్పుడు, ఎంబీఏ అన్నదే లేకపోయినా ఈ చదువుతో నేను ఏ పనిలో కుదురుకోగలను అని ఆలోచించండి. సైకాలజీ చదివినవారికి మార్కెట్ పరిశోధన, మానవ వనరులు, వినియోగదారుల అధ్యయనం వంటి రంగాల్లో చోటుంది. ఒక వస్తువు ధర తగ్గించిన నెలలో అమ్మకాలు పెరిగితే, అది ధర వల్లనా, ఆ నెలలోనే వచ్చిన ప్రకటన వల్లనా అని తేల్చాలంటే, ధర తగ్గించని మరో చోట అమ్మకాలు ఎలా ఉన్నాయో పోల్చి చూడాలి. ప్రయోగాలను రూపొందించడంలో సైకాలజీ విద్యార్థి నేర్చుకునేది సరిగ్గా ఇదే, మేనేజరుకు కావలసిందీ ఇదే.

ఇష్టం లేని సబ్జెక్టులో మార్కులు పడిపోతాయన్న సంగతి కూడా చిన్నది కాదు. ప్రవేశాల్లో డిగ్రీ మార్కులను శ్రద్ధగా చూస్తారు.

అయితే సైకాలజీ చేసేవారు ఒక సందేహాన్ని తీర్చవలసి ఉంటుంది: అంకెలతో పనిచేయగలరా అని. చాలా బిజినెస్ స్కూళ్లు ప్రవేశానికి చూసే జీమ్యాట్ పరీక్షలో ప్రస్తుతం గణితం, భాష, డేటా విశ్లేషణ అనే మూడు విభాగాలున్నాయి. ఒక్కోదానికి 45 నిమిషాలు. స్కోరు 205 నుంచి 805 వరకు ఉంటుంది, అయిదేళ్లు చెల్లుతుంది. అందులోని గణితం పాఠశాల స్థాయిదే గనుక సాధనతో అందుతుంది. దానికి మించి, డిగ్రీలోనే స్టాటిస్టిక్స్ రెండు కోర్సులు, మైక్రో ఎకనామిక్స్ ఒకటి, అకౌంటింగ్ ఒకటి చదివి మంచి మార్కులు తెచ్చుకోండి. అకౌంటింగ్‌ను మాత్రం వదలవద్దని గట్టిగా చెబుతాను. ఒక కంపెనీ లక్ష విలువైన సరుకును అరువుకు అమ్మితే, ఆ మొత్తం ఆదాయంగా ఈ నెల లెక్కల్లోకి ఎక్కుతుంది. డబ్బు చేతికి వచ్చేది మూడు నెలల తర్వాత. లాభం చూపిస్తున్న కంపెనీ జీతాలివ్వలేక ఇబ్బంది పడటానికి ఇదొక కారణం. ఈ తేడా మొదటి డిగ్రీలోనే ఒంటబట్టినవారికి ఎంబీఏ ఫైనాన్స్ తరగతులు భారమనిపించవు.

బీబీఏ తగినవారు లేరని నేను అనను. ఎంబీఏ చేస్తామో లేదో తేలకుండా, డిగ్రీ కాగానే అమ్మకాల్లోనో, సొంత వ్యాపారంలోనో దిగాలనుకునేవారికి అది మంచి చదువు. మీ ఉత్తరంలో ఆ ఉద్దేశం కనిపించలేదు.

కాబట్టి సైకాలజీలోనే చేరమని నా సలహా. చేరేముందు ఆ కాలేజీ సిలబస్ తెప్పించుకుని, స్టాటిస్టిక్స్ ఎన్ని సెమిస్టర్లు చెబుతారో, వేరే విభాగాల కోర్సులు తీసుకోనిస్తారో లేదో చూడండి. తీసుకోనివ్వని కాలేజీ అయితే, అకౌంటింగ్‌ను ఆన్‌లైన్ కోర్సుగానైనా పూర్తిచేసి సర్టిఫికెట్ దగ్గర పెట్టుకోండి.