షికాగో బ్రూపబ్‌లో కార్డు ఇచ్చే ముందు

ఉద్యోగంలో చేరి మూడు నెలలైందనీ, ఆఫీసులోని వాళ్లు శుక్రవారం సాయంత్రాలు, అక్కడికక్కడే బీరు తయారుచేసి అమ్మే బ్రూపబ్‌లకు రమ్మంటున్నారనీ, షికాగోలో ఎక్కడికి వెళితే బాగుంటుందో చెప్పమనీ మీరు రాశారు. పంతొమ్మిదేళ్లుగా ఈ ఊళ్లోనే ఉంటున్నాను కనుక తప్పకుండా చెబుతాను. అయితే ఏ బీరు తాగాలన్నదాని కంటే ముందు, ఆ సాయంత్రానికి ఎంత ఖర్చు పెట్టగలరన్నది తేల్చుకోవాలి. మీ వయసువాళ్లు ఈ మాటను తేలిగ్గా తీసుకుంటారని నాకు తెలుసు. నేనూ అలాగే తీసుకుని, ఒక నెల ఇంటికి డబ్బు పంపలేకపోయాను.

అది నా మొదటి శీతాకాలం. ఖమ్మంలో నాన్నగారు అమ్మ నగలు బ్యాంకులో కుదువపెట్టి నా చదువుకు అప్పు తెచ్చారు. ఆ వాయిదా కోసం నెలనెలా మొదటి వారంలోనే మూడు వందల డాలర్లు పంపేవాణ్ణి. ఒక శుక్రవారం టీములోని ఐదుగురితో కలిసి ఒక బ్రూపబ్‌కు వెళ్లాను. కౌంటర్ దగ్గరి అమ్మాయి కార్డు అడిగి తీసుకుని, తన దగ్గరే ఉంచుకుంది. దాన్ని టాబ్ తెరవడం అంటారనీ, మనం మూసేయమని చెప్పేదాకా ఆ లెక్క నడుస్తూనే ఉంటుందనీ అప్పటికి నాకు తెలియదు. నలుగురు కూర్చున్నచోట బిల్లు నేనిస్తానంటే నేనిస్తానని పోటీపడే మన అలవాటు కొద్దీ, మొదటి రౌండు నాదేనన్నాను. ఆ తరువాత వాళ్లు చెప్పుకున్నవన్నీ కూడా నా కార్డు మీదికే ఎక్కాయి.

నేను తాగింది బోర్బన్ అనే అమెరికన్ విస్కీ పీపాల్లో నిలవ పెట్టిన స్టౌట్, అంటే చిక్కటి నల్ల బీరు. గ్లాసు చిన్నదే కదా అని మూడు తాగాను. బోర్డు మీద పేరు పక్కన 14 శాతం అని రాసి ఉన్నా, ఆ అంకె ఏమిటో అడగడానికి మొహమాటపడ్డాను. ఈ లెక్క మీరు తప్పక గుర్తుంచుకోవాలి: మన ఊళ్లో 650 మిల్లీలీటర్ల పెద్ద సీసాలో, 5 శాతం చొప్పున, సుమారు 32 మిల్లీలీటర్ల ఆల్కహాల్ ఉంటుంది, ఇక్కడి పది ఔన్సుల స్టౌట్ గ్లాసులో, అంటే 300 మిల్లీలీటర్లలోపే, 41 ఉంటుంది. మూడు గ్లాసులంటే దాదాపు నాలుగు పెద్ద సీసాలన్నమాట.

చివరికి నల్లని అట్టలో పెట్టి రసీదు ఇచ్చారు. మొత్తం 212 డాలర్లు. దాని కింద టిప్పు కోసం ఒక గీత, కూడిక కోసం ఒక గీత, సంతకానికి ఇంకొక గీత ఉన్నాయి. టిప్పు గీత ఖాళీగా వదిలేసి సంతకం పెట్టి వచ్చేశాను. అలా చేయకూడదని సోమవారం ఒక సహోద్యోగి మెల్లగా చెప్పాడు. మరుసటి వారం ఒక్కణ్ణే వెళ్లి, ఆ అమ్మాయి చేతికి నలభై డాలర్లు ఇచ్చి, క్షమించమని చెప్పి వచ్చాను. మిగతావాళ్లను అడిగి ఉంటే ఎవరి వాటా వాళ్లు అప్పుడే ఇచ్చేవారు, అడగలేకపోయాను. పదో తారీఖున నాన్నగారు ఫోన్ చేసి, "జీతం ఆలస్యమైందా నాన్నా?" అన్నారు. అవునన్నాను. ఆ అబద్ధం నాకు ఇప్పటికీ గుర్తొస్తూనే ఉంటుంది. ఆ తరువాత రెండేళ్లలో అప్పు మొత్తం తీర్చి నగలు విడిపించాను, ఒక్క వాయిదా కూడా తప్పలేదు.

కాబట్టి మొదట ఫ్లైట్ అడగండి. చెక్కపలక మీద నాలుగైదు ఔన్సుల చిన్న గ్లాసులు నాలుగు పెట్టి ఇస్తారు. నాలుగూ కలిపితే సుమారు ఒక పైంటు, అంటే ఒక పెద్ద గ్లాసు అవుతుంది. నాలుగు రుచులు తెలుస్తాయి. తొమ్మిది డాలర్ల గ్లాసు, పన్నూ టిప్పూ కలిస్తే పన్నెండు డాలర్లకు దగ్గరవుతుంది. టిప్పు 18 నుంచి 20 శాతం వేసుకోండి. డాలర్లను రూపాయల్లోకి మార్చి చూసుకోవడం మానేయమని మీ స్నేహితులు చెబుతారు. ఇంట్లో అప్పు ఉన్నంతకాలం మానకండి.

ఇక ఎక్కడికంటే, రేవెన్స్‌వుడ్‌ పేటలో బీరు తయారీశాలలు వరసగా ఉన్న మాల్ట్ రోతో మొదలుపెట్టండి. రైలు పట్టాల పక్కన, పాత కర్మాగారాల భవనాల్లో డవ్‌టైల్, బిగైల్ నడకదూరంలోనే ఉంటాయి. కొంచెం ఉత్తరాన హాఫ్ ఏకర్ ఉంది. 2016లో మొదలైన డవ్‌టైల్ నాకు అన్నిటికంటే ఇష్టం. అక్కడి లాగర్లు, అంటే చల్లగా పులియబెట్టే బీర్లు, తేలికైనవి, కొత్తవాళ్లకు సరిపోతాయి. కొన్ని రకాలకు కాచిన ద్రవాన్ని వెడల్పాటి తెరిచిన తొట్టిలో రాత్రంతా చల్లార్చి, విడిగా ఈస్ట్ కలపకుండా, మన ఇడ్లీపిండి తనంతట తానే పులిసినట్టుగా పులియనిస్తారు. బీరు తయారీశాలలకు ఆనుకుని ఉండే, వంటగది లేని టాప్‌రూముల్లో చాలావరకు బయటి తిండికి అభ్యంతరం ఉండదు. మన హోటళ్లుండే డెవాన్ అవెన్యూ నుంచి ఒక పార్సెల్ పట్టుకెళితే ఇరవై డాలర్లు మిగులుతాయి.

పిజ్జాతో పాటు తాగాలంటే వికర్ పార్కులో 2001 నుంచి ఉన్న పీస్‌కు వెళ్లండి. బెల్జియం బీర్లకు ఆండర్సన్‌విల్‌లోని హాప్‌లీఫ్ అనే బార్ పేరుపొందింది. 1992 నుంచి నడుస్తోంది. చిన్న తయారీశాలల్లో చేసే క్రాఫ్ట్ బీరుకు ఈ ఊళ్లో ఊపు తెచ్చిన గూస్ ఐలాండ్‌ను జాన్ హాల్ 1988లో క్లైబోర్న్ వీధిలో ప్రారంభించారు. 2011లో దాన్ని ఆన్‌హైజర్-బుష్ అనే పెద్ద బీరు కంపెనీ కొనేసింది. బోర్బన్ పీపాల స్టౌట్‌కు పేరు తెచ్చినదీ వాళ్లే. అది తాగాలనుకుంటే ఒక్క గ్లాసు తీసుకుని ఇద్దరు పంచుకోండి.

ఇరవై ఒకటి నిండనివాళ్లను వెంట తీసుకెళ్లకండి. మన పాస్‌పోర్టులో తేదీ ముందు, నెల తరువాత ఉంటాయి కనుక తలుపు దగ్గర గందరగోళపడతారు. ఇల్లినాయ్ గుర్తింపు కార్డు త్వరగా తీసుకోండి. తాగి కారు నడిపి పట్టుబడితే వీసాకే ముప్పు రావచ్చు. ఆ నిబంధనలు ప్రభుత్వ వెబ్‌సైట్లలో ఉన్నాయి, చదువుకోండి.

ఈ శుక్రవారం వెళ్లేటప్పుడు జేబులో నలభై డాలర్ల నగదు పెట్టుకుని, ఏ గ్లాసుకు ఆ గ్లాసు డబ్బిచ్చేయండి. ఎవరైనా కార్డు ఇమ్మంటే, టాబ్ వద్దని చెబితే చాలు, ఎవరూ ఏమీ అనుకోరు. తిరిగి వచ్చేటప్పుడు మాంట్రోజ్ స్టేషన్‌లో బ్రౌన్ లైన్ రైలు ఎక్కండి.