ఇన్, ఆన్, ఎట్ కంటే ముందు బై, టిల్ సరిచేసుకోండి

టైమ్ చెప్పేటప్పుడు ఇన్, ఆన్, ఎట్ ఎక్కడ ఏది వాడాలో తికమకగా ఉంది, సులువైన దారి చెప్పమని అడిగారు. గడియారం టైమ్‌కి ఎట్, రోజుకీ తేదీకీ ఆన్, నెలకీ సంవత్సరానికీ ఇన్. ఎట్ నైన్, ఆన్ మండే, ఇన్ జూన్. పొద్దున అంటే ఇన్ ద మార్నింగే గానీ, ముందు వారం పేరు చేరితే ఆన్ మండే మార్నింగ్. రాత్రికి ఎట్ నైట్. వీకెండ్‌కి బ్రిటిష్ వాళ్లు ఎట్ అంటారు, అమెరికా వాళ్లు ఆన్ అంటారు. వీటిలో తప్పు దొర్లినా ఎదుటివాళ్లకి అర్థమైపోతుంది, టెన్షన్ పడకండి.

అసలు కొంప ముంచేవి బై, టిల్. నేను భీమవరం దగ్గర రొయ్యల ఎగుమతి ఆఫీసులో డాక్యుమెంట్లు చూస్తాను. కొత్తగా చేరిన కుర్రాడు, మంచి చురుకైనవాడు, షిప్పింగ్ ఏజెంటుకి మెయిల్ పెట్టాడు: "ద కంటైనర్ విల్ బి ఎట్ వైజాగ్ పోర్ట్ టిల్ థర్స్‌డే." గురువారంలోపు చేరుతుందని వాడి ఉద్దేశం, దానికి బై థర్స్‌డే అని రాయాలి. ఏజెంటుకి అర్థమైంది వేరు: సరుకు ఇప్పటికే పోర్టులో ఉంది, గురువారం దాకా అక్కడే ఉంటుంది. ఆయన టెర్మినల్‌లో వెతికించాడు. కంటైనరేమో ఇంకా మా ప్లాంటులోనే లోడింగ్‌లో ఉంది. మైనస్ 18 డిగ్రీల్లో ఉండాల్సిన సరుకు పోయిందేమోనని ఆయన కంగారు, ఓడ కటాఫ్, అంటే పోర్టులో సరుకు అప్పగించాల్సిన ఆఖరి గడువు, దాటుతుందేమోనని మా మేనేజరు గారి కంగారు. సాయంత్రం దాకా ఫోన్లే ఫోన్లు. కుర్రాడికి ఏడుపొక్కటే తక్కువ. "టిల్ తప్పని నాకెవరూ చెప్పలేదన్నా" అన్నాడు.

నిజంగానే చెప్పరు. బళ్లో ఖాళీలు పూరించమంటారు, వాక్యం మధ్యలో గీత పెట్టి ఇన్ రాయమంటారు, మార్కు వేస్తారు. ఫలానా రోజులోపు పని పూర్తిచేస్తానని ఒక్క ఉత్తరమైనా రాయించరు. డబ్బు కట్టించుకునే స్పోకెన్ ఇంగ్లీష్ కోచింగ్‌లలోనూ ఇదే పట్టిక. నాకు దీని మీద చాలా కోపం.

సిన్స్, ఫర్ కూడా అంతే. మనం "2019 నుంచి", "ఐదేళ్ల నుంచి" అని రెండిటికీ నుంచే వాడతాం కాబట్టి, ఇంటర్వ్యూల్లో "ఐ యామ్ వర్కింగ్ సిన్స్ ఫైవ్ ఇయర్స్" అనేస్తారు. మొదలైన రోజు చెబితే సిన్స్, ఎంతకాలమో చెబితే ఫర్: "ఐ హావ్ బీన్ వర్కింగ్ ఫర్ ఫైవ్ ఇయర్స్."

మరొకటి, టిల్ ఫ్రైడే అంటే శుక్రవారం కలిసిందా లేదా అని తగాదా వస్తుంది. అమెరికా కొనుగోలుదార్లు మండే త్రూ ఫ్రైడే అని రాస్తారు, అందులో శుక్రవారం కూడా ఉంటుంది. గడువు చెప్పాల్సి వస్తే మా ఆఫీసులో ఇప్పుడు అందరం "ఆన్ ఆర్ బిఫోర్ ఫ్రైడే, 6 పీఎం" అనే రాస్తున్నాం. మీరూ అలాగే రాయండి.