ధ్యానంలో కాళ్లు తిమ్మిరెక్కుతున్నాయన్న పర్లాకిమిడి సభ్యులకు

తిమ్మిరికి కారణం మీరు కూర్చునే ఎత్తులో ఉంది. బీపీ కోసం ధ్యానం మొదలుపెట్టి, పది నిమిషాలకే తిమ్మిరితో లేచిపోతున్నానని రాశారు. గచ్చు మీద సమంగా కూర్చుంటే మోకాళ్లు పైకి లేస్తాయి, నడుం వెనక్కి వాలుతుంది, కాళ్ల నరాలు నలుగుతాయి.

1. బొంతను నాలుగు మడతలు వేసి దాని అంచు మీద కూర్చోండి. మధ్యలో కాదు, అంచు మీదే. చాలామంది వదిలేసేది ఇదే. మోకాళ్లు తుంటికంటే కిందికి దిగాలి. మోకాలి కింద అరచెయ్యి దూరుతోందా? ఇంకో మడత వేయండి, మిగిలిన సందులో తువ్వాలు కుక్కండి. బరంపురంలో మా అమ్మకి పాతచీరల బొంత జానెడెత్తు చేశాకే కుదిరింది.

2. కాలిమీద కాలు వేయొద్దు. ఒకదాని ముందు ఒకటి పెట్టండి.

3. అయినా తిమ్మిరొస్తే కుర్చీలో కూర్చోండి, పాదాలు నేలకు ఆనాలి. ధ్యానానికి ఏ లోటూ రాదు.

బీపీ మాత్రలు మాత్రం మానకండి. 2017లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ కూడా ధ్యానాన్ని వైద్యానికి తోడుగానే చూడమంది, బదులుగా కాదు.

కూర్చోనప్పుడు కూడా తిమ్మిరి వస్తుంటే డాక్టరుకి చూపించి, షుగర్ పరీక్ష చేయించుకోండి.