బెణికిన చీలమండ మళ్లీ మళ్లీ మడతపడుతుంటే

పర్లాకిమిడి సోదరా, రెండేళ్ల కిందట మహేంద్రగిరి దిగుతూ కాలు బెణికిందని, గతుకుల్లో ఇప్పటికీ చీలమండ లోపలికి మడతపడుతోందని రాశారు. ఎక్స్‌రే బాగుందంటే ఎముక విరగలేదని మాత్రమే. సాగిన లిగమెంట్, అంటే ఎముకలను కలిపి ఉంచే పట్టీ, అందులో కనిపించదు. బెణుకుల్లో ఎక్కువగా దెబ్బతినేది బయటివైపు ముందున్న లిగమెంటే. దానితోపాటు, పాదం ఎలా వాలిందో మెదడుకు చెప్పే స్పందన కూడా మందగిస్తుంది. అందుకే నొప్పి లేని రోజున కూడా కాలు మోసం చేస్తుంది.

పసరు కట్టు హాయిగా ఉంటుందేమో గానీ, దీన్ని తీర్చదు. రోజూ గోడ పక్కన, చెప్పులు లేకుండా, బెణికిన కాలి మీదే అరనిమిషం చొప్పున నాలుగైదుసార్లు నిలబడండి. వేళ్లు నేలను పట్టుకోవాలని తంటాలు పడతాయి, చీలమండ అటూ ఇటూ వణుకుతుంది. ఆ వణుకే వ్యాయామం, ఆపేయకండి. అది కుదిరాక మడిచిన దుప్పటి మీద, ఆ తర్వాత కళ్లు మూసుకుని. కూర్చుని, రబ్బరు పట్టీ లాగుడుకు ఎదురొడ్డి పాదాన్ని బయటికి తిప్పడం కూడా చేర్చండి. కనీసం ఆరు వారాల పాటు మానకూడదు. కొండదారిలో లేసులున్న బ్రేస్ (చీలమండను పట్టి ఉంచే తొడుగు) వేసుకోండి. హవాయి చెప్పులు మాత్రం వద్దు.

మూడు నెలలకూ మార్పు లేకపోయినా, కీలు పట్టేస్తున్నా, లోపల నొప్పి ఉన్నా బరంపురం మెడికల్ కాలేజీ ఆస్పత్రిలో ఎముకల డాక్టరుకు చూపించండి. ఎంఆర్‌ఐ మాట అప్పుడు.